మా ముందు గదిలో జపాను ఆట

మొన్న వేసవిలో మా బడిలో కొత్తగా చేరిన లెక్కల మాస్టారు గోవింద్‌పూర్‌లో మా ఇంటికి వచ్చాడు. పరీక్ష పేపర్ల సంగతి మాట్లాడాలని వచ్చి, ఆ సంగతి రెండు నిమిషాల్లో ముగించి, సంచిలోంచి ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. జపాను వాళ్ళ వీడియో గేమ్. చిన్నప్పుడు ఆడాడట. ఇప్పుడు ఆ బొమ్మలకు కొత్త రంగులు పులిమి, మొదటి రెండు భాగాలూ ఒక్కటిగా చేసి మళ్ళీ అమ్ముతున్నారట. "మీరు నమ్మరు మేడమ్, మొదటి భాగంలో మనం దాచుకున్న కథని రెండో భాగం గుర్తుపడుతుంది. పాతవాళ్ళు ఎదురొచ్చి పలకరిస్తారు. నేను ఏడ్చేశాను" అన్నాడు. చెబుతుంటే ఇప్పుడు కూడా అతని కళ్ళు చెమర్చాయి. "మీకు తెలుసా ఈ ఆట?" అని అడిగాడు. తెలియదన్నాను. టీ ఇచ్చాను గానీ బిస్కట్లు పెట్టలేదు. అతను వెళ్ళాక ఆ కప్పుని అవసరానికి మించి తోమాను. పాపం, అతని తప్పేమీ లేదు. కానీ బాల్యం గురించి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళంటే నాకు మొదటినుంచీ గిట్టదు. వాళ్ళ బాల్యంలో ఎవరో ఒకరు వెనక గదిలో అంట్లు తోముతూ ఉంటారు. ఆ మనిషి వాళ్ళకు గుర్తుండదు.

ఆ ఆట పేరు ఇక్కడ రాయను. రాస్తే దాన్ని ప్రేమించేవాళ్ళు నాకు ఉత్తరాలు రాస్తారు. అందులో ఎన్నో భాగాలున్నాయి, ఇంకా వస్తూనే ఉన్నాయి. ఒక్కో భాగం ఒక్కో దేశంలో జరుగుతుంది. ఒకదానిలో దారిన పోయిన మనిషి ఇంకోదానిలో సేనాపతిగా కనిపిస్తాడు. ఒకదానిలో మనం గెలిచిన యుద్ధాన్ని ఇంకోదానిలో ఓడినవాళ్ళ నోట వింటాం. నాకు తెలిసినవి మొదటి రెండే. ఆ రెంటికే మా ఇల్లు కూలిపోయింది.

ఇల్లు అంటున్నాను గానీ అది మాది కాదు, మా మావయ్యది. మా నాన్న కాంట్రాక్టు పనిలో పైనుంచి పడి చనిపోతే, అమ్మ నన్ను తీసుకుని హిందీ వాళ్ళ ఈ ఫ్యాక్టరీ ఊళ్ళోనే, సిద్ధగోరాలో ఉన్న తన అన్న ఇంటికి చేరింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. మావయ్యకి పిల్లలు లేరు. ఊరంతా అతన్ని రావ్‌జీ అని గౌరవంగా పిలిచేది. నుదుట విభూతి, చేతిలో గొడుగు, నోట్లో సగం హిందీ. ఫ్యాక్టరీ ఉద్యోగం ముందే వదిలేసి, వచ్చిన డబ్బుతో ఏం చేద్దామా అని ఆరునెలలు ఆలోచించి, చివరికి ఇంటి ముందు గదిలో వీడియో గేమ్ పార్లర్ పెట్టాడు. రెండు టీవీలు, రెండు యంత్రాలు, గోడకి చెక్క బెంచీలు. పొద్దున్న పదింటికి తెరిస్తే చీకటి పడేదాకా మగపిల్లలు కిక్కిరిసి ఉండేవారు. గోల్ అని అరుపులు, బూతులు, గుట్కా వాసన, చెమట వాసన.

పార్లర్ పెట్టిన రోజే మావయ్య మాకు చెప్పేశాడు. "ఆడోల్లు ముందు గదిలోకి అడుగెట్టకూడదు. గిరాకీ పాడయిపోద్ది. బస్." ఆ రోజునుంచి అమ్మ, అత్త, నేను వెనక గదిలోనూ వంటింట్లోనూ బతికాం. ఆ ఇంటికి ముందు గది కిటికీ ఒక్కటే గాలి వచ్చే దారి. అది వాళ్ళదైపోయింది. మాకు మిగిలింది బొగ్గుల పొయ్యి పొగ, దూలానికి వేలాడే ఎండు చేపల బుట్ట, తడి ఆరని బట్టలు. బయటికి వెళ్ళాలంటే పెరటి తలుపు తీసి, కాలువ పక్క సందులోంచి ముక్కు మూసుకుని వెళ్ళాలి. నేను బడికి ఆ సందులోంచే వెళ్ళేదాన్ని. నా చెప్పుల వాసనకి పక్క పిల్ల జరిగి కూర్చునేది. మావయ్య అన్నం తిన్నాకే మేం తినాలి. అతనికి వేపుడు, మాకు దాని అడుగు. నన్ను పదో తరగతితో ఆపేస్తానని ప్రతి ఆదివారం గుర్తుచేసేవాడు. "ఇంకొకలింట్లో ఉన్నోల్లకి ఎంత సదువు కావాలో అంతే సదవాలి" అనేవాడు. అమ్మ తల దించుకుని కూర తరిగేది. అమ్మ అలా తల దించడం చూసి చూసి నాకు ఇద్దరి మీదా సమానంగా కోపం వచ్చేది.

మావయ్య రోజూ తెల్లవారుజామున లేచి, భుయ్యాడీహ్ దాకా నడిచి, సువర్ణరేఖ నదిలో మునిగి, దారిలో టీ తాగి, హిందీ పేపరు మొత్తం చదివి, ఏడు దాటాక వచ్చేవాడు. ఆ రెండు గంటలే మా ఇంట్లో ఆడవాళ్ళకి దొరికిన గాలి. అమ్మ వీధి కుళాయి దగ్గర నీళ్ళకి వరసలో నిలబడేది. నీలవేణి అత్త పొయ్యి రాజేసి, చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి పెట్టుకునేది. మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళకి ఆ అడ్డపొగ అలవాటు కొత్తేమీ కాదు. కానీ ఊళ్ళో పెద్దమనిషి అనిపించుకున్న మావయ్యకి అది తలవంపు. మానెయ్యకపోతే పుట్టింటికి పంపేస్తానని బెదిరించి ఒట్టు వేయించుకున్నాడు. అత్త ఒట్టు వేసింది, మానలేదు. నేను చూశాను, ఎవరికీ చెప్పలేదు. ఒక రోజు ఆమె కూడా నన్ను ముందు గదిలో, గొంతు నొక్కేసిన టీవీ ముందు పట్టుకుంది. ఆమె కూడా చెప్పలేదు. మా ఇద్దరి స్నేహం అలా మొదలైంది. అందులో ప్రేమ ఎంతో, భయం ఎంతో నేనిప్పటికీ చెప్పలేను.

ఆ జపాను ఆట మావయ్యకి కలకత్తా నుంచి వచ్చిన సీడీల కట్టలో పొరపాటున వచ్చింది. పిల్లలు ఒకసారి పెట్టి చూసి తీసి పారేశారు. "అంకుల్, ఇస్మే తో ఖాలీ పఢ్నా పడ్తా హై" అని విసుక్కోవడం నాకు గోడ అవతలినుంచి వినిపించింది. చదవడమే ఉన్న ఆట! ఆ మాట విన్నాకే దాన్ని నేను వెతికి పెట్టుకున్నాను. మొదట్లో ఒక్కో వాక్యానికి నాలుగు సార్లు నిఘంటువు తీసేదాన్ని. ఈ రోజు నేను ఇంగ్లీషు పాఠం చెప్పి బతుకుతున్నానంటే ఆ పుణ్యం ఏ టీచరుదీ కాదు. ఈ మాట ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు, అయినా నిజం.

ఆ కథలో ఇల్లు పోగొట్టుకున్న ఒక మనిషి, పాడుబడ్డ కోట ఒకదాన్ని పట్టుకుని, ఊరూరా తిరిగి వందమందిని కూడగడతాడు. వంటవాడు, పడవ నడిపే ముసలామె, దొంగ, బట్టలు కుట్టేవాడు. ఒక్కొక్కరికి ఒక్కో షరతు. అత్త చదువుకోలేదు. గుమ్మంలో గొంతుక్కూర్చుని, నోట్లో చుట్టతోనే అడిగేది.

"ఒలే రవణా, ఆ ముసల్ది మల్లీ వొచ్చినాదేటి? ఏటంతంది?"

"పడవ ఇత్తానంతంది అత్తా. దాని మనవరాల్ని ఎతికి తెత్తేనే."

"తేకపోతే?"

"ఇవ్వదు."

"అక్కడా ఇంతేనేటి" అని పొగ మింగేది అత్త.

మెల్లగా అత్త ఆ కోటలో వాళ్ళందర్నీ చుట్టాల్లాగా గుర్తుపెట్టుకుంది. వంటవాడికి ఏ దినుసు తెచ్చిచ్చామో నేను మరిచిపోయినా ఆమె మరిచేది కాదు. ఒక మనిషిని నేను పొరపాటున చావనిచ్చి వదిలేయబోతే ఒప్పుకోలేదు. "మల్లీ ఎనక్కెల్లు. ఆడు సచ్చిపోతే ఆడి తల్లికి ఎవులు సెప్తారు?" అని పట్టుబట్టింది. వెనక్కి వెళ్ళి, మూడు ఉదయాలు మళ్ళీ ఆడి, వాణ్ణి బతికించాం. ఆ కథంతా యంత్రానికి గుచ్చే అగ్గిపెట్టెంత బూడిదరంగు కార్డులో దాగేది. ఒక్కో కార్డులో పదిహేను గడులుండేవి. పార్లర్‌కి నాలుగు కార్డులు, బిస్కట్ డబ్బాలో ఉండేవి. అందులో ఒక గడి నాది. కథానాయకుడికి నా పేరే పెట్టుకున్నాను, రవణ అని ఇంగ్లీషు అక్షరాల్లో.

మొత్తం వందమందినీ కూడగట్టి కథ ముగించడానికి దాదాపు ఏడాది పట్టింది. ముగిసిన రోజు అత్త గుమ్మంలోంచి లేచింది. చేతులు కడుక్కొచ్చి నా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయింది. తరవాతి కట్టలో రెండో భాగం వచ్చింది. పెట్టె మీద రాసింది చదివి ఆమెకి చెప్పాను. ఈసారి కథ సరిహద్దు అవతల, మనం యుద్ధం చేసిన దేశంలో జరుగుతుంది. అత్త చాలాసేపు ఆలోచించింది. "మరైతే మనం సంపినోల్ల ఊరా అది? ఆల్లకి మనం గురుతుంతామా?" అని అడిగింది. ఉంటాం, కార్డులో ఉన్నాం కదా అన్నాను.

మర్నాడు పొద్దున్న రెండో సీడీ పెట్టాను. పాత కథ ఏదైనా ఉందా అని యంత్రం అడిగింది. ఉందన్నాను. వెతికింది. లేదంది. కార్డు తీసి మళ్ళీ పెట్టాను. నాలుగు కార్డులూ మార్చి మార్చి పెట్టాను. నా గడిలో ఎవరిదో ఫుట్‌బాల్ జట్టు కూర్చుని ఉంది. అత్త గుమ్మంలోంచి "ఏటయింది?" అంటోంది. నేను టీవీ కట్టేశాను.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ మావయ్యే చెప్పాడు. "ఎవుడో రావణా అని పేరెట్టుకున్నాడు. మనకి డబ్బులిచ్చేవోడు కాదు. తీసీసి, మన వీధి చివర కంట్రాక్టరు గారబ్బాయికి జాగా ఇచ్చాను" అని నవ్వాడు. ఆ నవ్వు నా వైపు చూసి నవ్వాడు. అతనికి తెలిసే చేశాడా, యాదృచ్ఛికంగా నా వైపు చూశాడా అన్నది నాకు ఈనాటికీ తెలియదు. అప్పుడు మాత్రం తెలిసే చేశాడని అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు కావలసి వచ్చింది. అతని విస్తట్లో చుక్క ఒలకకుండా మజ్జిగ పోశాను.

మర్నాడు తెల్లవారి అతను గొడుగు పుచ్చుకుని వెళ్ళగానే ముందు గదిలోకి వెళ్ళాను. నాలుగు కార్డులూ ఒకటి తరవాత ఒకటి పెట్టి, ఒక్కో గడినీ తుడిచేశాను. తుడవమంటావా అని యంత్రం ప్రతిసారీ మర్యాదగా అడిగింది. ప్రతిసారీ అవుననే నొక్కాను. ఎవరెవరో ఏడాదిపాటు ఆడుకున్న లీగులు, రేసు కార్లు, కుస్తీ వీరులు. నాకు జాలి కలగలేదు. చిన్నప్పటినుంచీ ఏ పండక్కీ కలగని సంతోషం కలిగింది. ఇదంతా రాయడానికి కారణం ఆ సంతోషమే. దాన్ని దాచి మిగతాదంతా రాస్తే అది అబద్ధం అవుతుంది.

గుమ్మంలో పొగ వాసన వచ్చింది. అత్త.

"ఏటి సేత్తన్నావే?"

"శుభ్రం చేత్తన్నాను."

ఆమెకి అక్షరాలు రావు గానీ, తెర మీద బొమ్మలు ఒక్కొక్కటే మాయమవడం చూసింది. నోట్లోంచి చుట్ట తీసి, కిటికీ గట్టు మీద ఆర్పి, నా వైపు ఇంకోసారి చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆపలేదు. మెచ్చుకోలేదు.

పదింటికి పిల్లలొచ్చారు. పావుగంటలో రభస మొదలైంది. "మేరా పూరా సీజన్ గయా!" అని, ఆడిందంతా పోయిందని ఒకడు, నా డబ్బు వాపసు ఇవ్వమని ఇంకొకడు. కంట్రాక్టరు కొడుకు కాలితో తన్నితే ఒక టీవీ బల్ల మీంచి పడి పగిలింది. "బుడ్ఢా చోర్ హై" అన్నారు. రావ్‌జీని జీవితంలో మొదటిసారి ఎవరో ముసలి దొంగ అన్నారు. గోడ ఇవతల నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఒక్క రాయీ వదల్లేదు.

వాళ్ళు వెళ్ళాక మావయ్య మా ముగ్గుర్నీ ముందు గదిలోకి పిలిచాడు. అంతకాలం తరవాత అమ్మ ఆ గదిలోకి రావడం అదే మొదలు. అతను కిటికీ గట్టు మీద దొరికిన చుట్టముక్కని వేళ్ళతో పట్టుకుని చూపించాడు.

"ఇదెవులిది?"

"నాది" అంది అత్త.

"నువ్వేటికొచ్చావు ఈ గదిలోకి? కార్డులు ముట్టావా?"

అత్త అమ్మ వైపు చూసింది. తరవాత నా వైపు చూసింది. నేను నోరు విప్పడానికి కావలసినంత సేపు చూసింది. ఆ వ్యవధి ఎంతో నాకు తెలుసు, దాన్ని ఇన్నేళ్ళుగా మళ్ళీ మళ్ళీ కొలుస్తున్నాను. నేను నేల మీద పగిలిన గాజు ముక్కల వైపు చూశాను.

"ముట్టాను. దుమ్ముందని తడిగుడ్డెట్టి తుడిసాను" అంది అత్త.

మావయ్య చేతికందిన తీగతోనే కొట్టాడు. అది ఆటలో మనుషుల్ని నడిపించే బొత్తాల పెట్టె తీగ. అమ్మ అడ్డం వెళ్ళబోయి ఆగింది. ఆ శనివారమే అత్తని రేకుపెట్టెతో సహా పుట్టింటికి, పలాస రైలెక్కించాడు. పొగాకు ఒట్టు తప్పిందని, నోటి దగ్గర కూడు తుడిచేసిందని వీధంతా చెప్పుకున్నాడు. వీధి అవునంది. అంతకు ముందు అత్త పెట్టె సర్దుతూ అమ్మ నన్ను అడిగింది. "ఏటే, నీకేమైనా తెలుసా?" తెలీదన్నాను. ఆమెకి తెలుసనీ, అడిగి నిజం వింటే మా ఇద్దరికీ నీడ పోతుందని మళ్ళీ అడగలేదనీ నాకు తరవాత అర్థమైంది. సందులోంచి అత్త వెళ్తుంటే నేను పెరటి తలుపు దాకా కూడా రాలేదు.

పార్లర్ మరో రెండు నెలలు మూలిగి మూతపడింది. ఆ రెండు నెలల్లో నేను రెండో భాగం మొదలుపెట్టాను. అవును, మొదలుపెట్టాను, అదే గదిలో, ఆమె కూర్చునే గుమ్మానికి వీపు పెట్టి. మొదటి కథలో మేం బతికించినవాళ్ళు అందులో ఎదురొచ్చారు. కానీ ఎవరూ నన్ను గుర్తుపట్టలేదు. సగంలో ఆపేశాను. ఆ తరవాత మావయ్య ఒకసారి పలాస వెళ్ళి పిలిస్తే అత్త రానందట. అతను ముందు గదిలోనే మంచం వేసుకుని, అందర్నీ తిట్టుకుంటూ, అమ్మ చేతి కూడు తింటూ ఏళ్ళ తరబడి బతికి పోయాడు. అతని కర్మకీ అత్త రాలేదు. అతన్ని నేను క్షమించలేదు. చనిపోయినవాళ్ళని క్షమించడం చాలా సులువు, అందుకే చెయ్యలేదు.

ఇప్పుడు పిల్లలకి కార్డులు లేవు. వాళ్ళ ఆటలు ఎక్కడో ఆకాశంలో వాటంతట అవే దాగుతాయి. ఏ మావయ్యా తుడవలేడు. మా బడి ఆడపిల్లలు ఫోన్లలో ఆడుకుంటారు, ముందు గదిలోనే కూర్చుని. చూస్తే సంతోషించాలి. నాకు మాత్రం అసూయ కలుగుతుంది. ఈ వయసులో, పదిహేనేళ్ళ పిల్లల మీద. అప్పటి రోజులే మంచివని రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నా వరకు అప్పటి రోజుల్లో మంచిది ఒక మనిషి. ఆ మనిషిని నేనే పోగొట్టుకున్నాను.

లెక్కల మాస్టారు వచ్చి వెళ్ళిన వారానికి పలాస బయలుదేరాను. అమ్మ లేదు, మావయ్య లేడు, నన్ను ఇంట్లోంచి గెంటేవాళ్ళెవరూ లేరు. అంత ధైర్యం అప్పటికి కూడింది. అత్త తన అన్న ఇంటి పక్కన ఒంటిగదిలో ఉంటోంది. ఇన్నేళ్ళూ జీడిపిక్కలు కొట్టి బతికిందట. జీడి నూనెకి వేళ్ళు నల్లబడి, కొసలు పగిలిపోయాయి. అరుగు మీద కూర్చుని, దాపరికం లేకుండా అడ్డపొగ తాగుతోంది. నేనెవరో చెప్పక్కర్లేకపోయింది.

"రవణవి గదూ. లావయ్యావు" అంది.

యాపిల్ పళ్ళ సంచి పక్కన పెట్టి కూర్చున్నాను.

"ఆవేళ కార్డులు తుడిసింది నేనే అత్తా."

"నాకు తెల్దేటి. సూసాను గదా."

"మరి నువ్వెందుకు మీదేసుకున్నావు? నా కోసం..."

"నీ కోసమని ఎవులన్నారు?" అంది, నోట్లో చుట్ట అటు తిప్పుకుంటూ. "నాకు మా యన్న ఇల్లుంది. మీ యమ్మకి ఇంకో ఇల్లు నేదు. అంతే."

నేను ఏడవలేదు. ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సి వస్తుందని తెలుసు.

"రెండేల్లు ఎదురు సూసాను" అంది. "నిజం సెప్పమని కాదు. ఒక కార్డుముక్క రాత్తావని. ఎలాగున్నావత్తా అని. నీకు సదువొచ్చు గదా. ఎవులో ఒకలు సదివి పెట్టీవోరు."

"భయమేసింది అత్తా."

"ఎవులంటే? అతగోడు సచ్చి ఎన్నేల్లయింది?"

మావయ్య పోయి పధ్నాలుగేళ్ళు. ఆ పధ్నాలుగేళ్ళలో భయపడడానికి ఆమె కళ్ళు తప్ప ఇంకేమీ మిగల్లేదు. అందుకని, అప్పుడు కూడా తప్పు మాటే మాట్లాడాను.

"నాతో వచ్చీ అత్తా. కొన్నాల్లు నా దగ్గరుందువు గాని. పని చెయ్యక్కర్లేదు."

అత్త చుట్ట నోట్లోంచి తీసి, నా మొహం వైపు చూసింది. ఆ రోజు ముందు గదిలో చూసినంత సేపూ చూసింది.

"ఎందుకు? నీకు నిద్దర పట్టడానికా?"

యాపిల్ సంచి నా ఒళ్ళో పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచి, లోపలికి వెళ్ళి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది.

"పిల్లులొత్తాయి. తలుపు దగ్గరగా ఏసెల్లు" అంది లోపల్నుంచి.

వేసి వచ్చాను.